విశాలాక్షి సిస్టరు బల్లెక్కిన రోజు

బరంపురం గేట్ బజారులో బట్టల కొట్ల వరస దాటి ముందుకు వెళితే ఒక చౌమీన్ బండి ఉంటుంది. సాయంత్రం పూట బండివాడు కాలిన పెనం మీద నూడుల్స్ పోసి, పైనుంచి సీసాతో వెనిగర్ చిలకరిస్తాడు. చుయ్యిమని పొగ లేస్తుంది. ఆ పులుపు వాసనకు చుట్టూ నిలబడ్డ వాళ్లందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం తొడలు దగ్గరకు ముడుచుకుంటాయి. మొన్న కూడా అంతే అయింది. జాకెట్టు గుడ్డల సంచీ పట్టుకుని దారి మధ్యలో ఆగిపోయాను. వెనక ఆటోవాడు ఒడియాలో ఒక బూతు తిట్టి పక్కనుంచి పోయాడు. ఆ వాసన తగిలితే నాకు తిండి గుర్తుకు రాదు. రెక్సిన్ చిరిగిన ఒక బల్ల, టార్చిలైటు, గిన్నెలో నానేసిన దూది, వాటి పక్కన విశాలాక్షి సిస్టరు గుర్తుకు వస్తారు.

ఆవిడ గురించి రాయాలంటే ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు దానమ్మ. ఒడిశాలో గంజాం తీరాన చేపలు పట్టే తెలుగువాళ్ల ఇంట్లో పుట్టాను. నా మొగుడు సూరత్ మిల్లులో పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నేను బరంపురం వచ్చి కొన్నాళ్లు చేపల గంప మోశాను. ఆ తరువాత చాలా ఏళ్లు ఒళ్లు అమ్ముకుని బతికాను. ఈ మాట కాస్త వేరేగా రాయమని ఒకరిద్దరు సలహా చెప్పారు. వేరేగా రాస్తే అది వేరే పని అవుతుంది. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అవి నేర్పింది కూడా విశాలాక్షి సిస్టరే. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలతో ఉన్నది ఉన్నట్టు రాయకపోతే ఎందుకు?

మాలాంటి వాళ్ల కోసం ఒక సంస్థ వాళ్లు గోసాని నువాగాంలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఒక గదిలో చాపలు, అద్దం, ఫ్యాను, గడియ పడే స్నానాలగది. మధ్యాహ్నం పూట వెళ్లి ఎవరికీ జవాబు చెప్పకుండా పడుకోవచ్చు. రెండో గదిలో సిస్టరు కూర్చునేది. కింద వాటాలో ఉన్న ఇంటివాళ్లకు కుట్టుపని నేర్పే సెంటరని చెప్పారు. నమ్మకం కోసం ఒక పాత కుట్టుమిషను గుమ్మంలోంచి కనబడేలా పెట్టారు. దాని మీద ఎవరూ ఒక్క కుట్టు వేయలేదు. ఇంటావిడ మాత్రం జాకెట్టు కుట్టిపెట్టమని అప్పుడప్పుడూ గుడ్డ పంపేది. సిస్టరు ఆ గుడ్డను బజారులో కుట్టించి తిరిగి పంపేది.

నేను మొదటిసారి వెళ్లిన రోజు ఆవిడ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది. నాకు ఒళ్లు మండింది. తెలుగావిడే అని తెలుసు. పంతుళ్ల ఇంటి కోడలనీ, భర్త హైస్కూలు మాస్టారనీ అప్పటికే వినివున్నాను.

"ఏటి సిస్టరమ్మా, మా కంపు నీకు పడ్దా?" అన్నాను. మా ఇళ్లలో మీరు అనే మాట లేదు. ఎవరినైనా నువ్వు అనే అంటాం.

ఆవిడ తల ఎత్తకుండానే, "నీ కంపు కాదు, నీ నోట్లో గుట్కా కంపు. కిందికెళ్లి ఉమ్మేసి రా. అప్పుడు గుడ్డ విప్పుతాను" అంది.

ఉమ్మేసి వచ్చాను. నిజంగానే విప్పింది. సన్నటి ముఖం, పెద్ద ముక్కుపుడక. అందంగా నవ్వే మనిషి కాదు. నవ్వితే పై పన్ను ఒకటి బయటికి వచ్చేది. ఆవిడ మమ్మల్ని చూసి జాలిపడదు. మా కథలు అడగదు. వాచిందా, మండుతోందా, తెల్లబట్ట ఏ రంగులో ఉంది, వాసన ఉందా అని అడుగుతుంది. జవాబు చెప్పాక మందు ఇస్తుంది. మందు పూర్తిగా మింగకపోతే మాత్రం తిడుతుంది. జాలిపడే వాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో సగం మంది కాసేపటికి చెయ్యి పట్టుకునేవారు. ఈవిడ దగ్గర ఆ బాధ లేదు.

నిరోధు పెట్టెలు తీసుకెళ్లి మావాళ్లకు పంచే పని సంస్థవాళ్లు నాకిచ్చారు. అలా రోజూ ఆవిడతో మాట పడింది. ఒకసారి ఏదో కాగితం మీద వేలిముద్ర వేయబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇందులో ఏముందో తెలుసా?" అంది. తెలియదన్నాను. "రేపు నీ గర్భసంచి తీసేస్తామని రాసి ఉన్నా వేలిముద్ర వేస్తావన్నమాట" అంది. మర్నాటి నుంచి మధ్యాహ్నం జనం తగ్గాక పలక ముందు పెట్టింది. ఊళ్లో బోర్డులన్నీ ఒడియావి, తెలుగెందుకని గొణిగాను. "మాట్లాడే భాష ముందు. రెండోది దాని వెనకాలే వస్తుంది" అంది. ఆ విషయం అంతే. అక్షరాలు నేర్చుకున్న కథ ఎవరిదైనా ఒకలాగే ఉంటుంది, ఇక్కడ దాన్ని పెంచను.

మాలో సుకాంతి అని ఒక ఒడియా మనిషి ఉండేది. నాకంటే చిన్నది, మంచి మాటకారి. ఆమెకు బేరం అయ్యాక రక్తం కనబడేది. నెలసరి కాని రోజుల్లో కూడా గుడ్డలు పెట్టుకు తిరిగేది. రక్తం అంటే వచ్చినవాడు మళ్లీ రాడు. అందుకని దాచింది. అడిగితే వేడి చేసిందనేది. విశాలాక్షి సిస్టరు చూసేనాటికి ఆ వాసన గదంతా పట్టేసింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. గర్భసంచి మూతి దగ్గర కాన్సరు, బాగా ముదిరిపోయిందన్నారు. వానాకాలం వెళ్లకుండానే సుకాంతి పోయింది. స్నానం చేయించడానికి మావాళ్లలో కొందరు జంకారు. నేనూ సిస్టరూ చేయించాం. ఆవిడ ఏడవలేదు. చేతులు తుడుచుకుంటూ, "ఇది ముందే కనబడే రోగం. చూసే వాళ్లు లేక చచ్చిపోయింది" అంది.

ఆ తరువాత ఆవిడ మాకు అర్థమయ్యేలా చెప్పింది. హెచ్‌పీవీ అని ఒక క్రిమి ఉంది. ఆడా మగా కలిసినప్పుడు అంటుతుంది. నిరోధు చాలావరకు కాపాడుతుంది గానీ పూర్తిగా కాదు, తొడుగు లేని చోట చర్మం తగిలినా రావచ్చు. ఎక్కువమందికి వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. కొందరిలో మాత్రం పోకుండా ఏళ్ల తరబడి కూర్చుంటుంది. గర్భసంచి మూతిని మెల్లగా పాడు చేస్తుంది. అప్పటికి నొప్పి ఉండదు. పల్చటి వెనిగర్ లాంటి మందులో దూది ముంచి అక్కడ అద్దితే, పాడైన చోటు తెల్లగా పాలిపోతుంది. అప్పుడే తీసేస్తే కాన్సరు దాకా పోదు. ఎక్కువమంది దగ్గరకు పోయేవాళ్లకు ముప్పు ఎక్కువ. ఆ మాట కూడా దాచకుండా చెప్పింది.

అలా ఒక డాక్టరమ్మను పిలిపించి మేడ మీద క్యాంపు పెట్టించింది. ఒడియా అమ్మాయి, కొత్తగా చదువు పూర్తయింది, మెత్తగా మాట్లాడుతుంది. నేను ఇల్లిల్లూ తిరిగి మావాళ్లను పోగు చేశాను. అక్కడ మేం చేసిన పని ఇంకెవరూ చేయరు. మాకు ఒక అలవాటు ఉంది. బేరానికి ముందు పటిక నీళ్లతో లోపల కడుక్కుంటాం. కొందరు నిమ్మరసం పిండుకుంటారు. బిగుతుగా ఉంటుందని, వాసన పోతుందని. పెద్దవాళ్లు నేర్పిన విద్య. డాక్టరమ్మ చూస్తుందంటే శుభ్రంగా ఉండాలి కదా అని ఆ రోజు పొద్దున్నే ఒక్కరు తప్పకుండా అందరం పటికతో కడుక్కుని, మల్లెపూలు పెట్టుకుని వెళ్లాం.

మొదట లోపలికి వెళ్లిన ఇద్దరు ముగ్గుర్ని చూసి డాక్టరమ్మ కంగారుపడింది. లోపలంతా ఎర్రగా గీరుకుపోయి ఉంది. మందు అద్దకముందే అక్కడక్కడా తెల్లగా ఉంది. ఏది రోగమో, ఏది పటికో చెప్పలేనంది. సిస్టరు బయటికి వచ్చి మమ్మల్ని వరసగా చూసింది. పూలు చూసింది.

"ఏటే ఇది? బేరానికొచ్చినట్టు తయారై వచ్చారు?"

"శుబ్రం సేసుకున్నాం సిస్టరమ్మా" అన్నాను.

"దేంతో?"

"పటికతో."

ఆవిడ నుదురు కొట్టుకుంది. "డాక్టరమ్మ మీకు బేరమా? ఆవిడకి బిగుతెందుకే!"

మావాళ్లు పగలబడి నవ్వారు. డాక్టరమ్మకు తెలుగు అంతగా రాదు, ఏమన్నారని అడిగింది. సిస్టరు ఒడియాలో చెప్పింది. ఆ పిల్ల చెవుల దాకా ఎర్రబడింది. నవ్వు సరే, క్యాంపు మాత్రం పాడయింది. అందరినీ వెనక్కి పంపేశారు. ఆ పుండ్లు మానేదాకా పటిక ముట్టుకోవద్దని, అసలు ఎప్పటికీ ముట్టుకోవద్దని, ఒరుసుకుపోయిన చోట రోగాలు సులువుగా దిగుతాయని ఆవిడ గట్టిగా చెప్పింది.

రెండోసారి క్యాంపు పెట్టేసరికి మావాళ్ల ఉత్సాహం చచ్చిపోయింది. పిలిస్తే వచ్చారు గానీ గది గుమ్మం దాటడానికి ఎవరూ లేవలేదు. కారణాలు చాలా ఉన్నాయి. బల్ల అంటే మాకు పోలీసులు లాడ్జిలోంచి పట్టుకుపోయిన రోజులు గుర్తుకొస్తాయి. అప్పుడు ఆసుపత్రిలో కాళ్లు విడదీయించి, తలుపు తీసే ఉంచేవారు, ఎవడు పడితే వాడు తొంగిచూసేవాడు. పైగా తెల్లమచ్చ ఉందని తేలితే ఆ మాట బయటికి పొక్కుతుంది, ఇక బేరం ఉండదు. అందరికంటే పడుచుది ఒకతి లేచి, "మాకే ఎందుకు సూత్తారు? రోగాలన్నీ మాకేనా? ఇంట్లో ఉన్న ఆడోల్లకి సెయ్యరేటి ఈ పరీచ్చ?" అంది.

అది తననే ఉద్దేశించి అన్నట్టు సిస్టరు కాసేపు దానివైపే చూసింది. తరువాత వాచీ తీసి కిటికీలో పెట్టింది. "సరే. ఇంట్లో ఉన్నదానికే ముందు చేద్దాం. దానమ్మా, టార్చి పట్టుకో" అంది.

తను ఏం చేయబోతోందో నాకు అర్థమయ్యేసరికి ఆవిడ బల్ల ఎక్కేసింది. గుమ్మానికి తెర అడ్డంగా ఉంది, బయట మావాళ్లంతా ఉన్నారు. లోపల డాక్టరమ్మా, నేనూ. పంతుళ్ల ఇంటి కోడలు చీర పైకి జరుపుకుని కాళ్లు మడిచి పడుకుంది. నేను వెలుగు ఎక్కడ పట్టాలో తెలియక గోడ మీద పట్టాను.

"గోడకి పరీక్షేటి? ఇటు పట్టు" అంది.

పట్టాను. నా ఒంట్లో ఏ చోటు అమ్ముకుని అన్నేళ్లు బతికానో దాని లోపల ఎలా ఉంటుందో నేను చూడటం అదే మొదటిసారి. స్టీలు పరికరం తెరుచుకున్నాక, చివర గులాబీ రంగులో గుండ్రంగా, మధ్యలో చిన్న గుంటతో కనబడింది. అసహ్యం వేయలేదు. నోరు తెరిస్తే కొండనాలుక కనబడినట్టు, అదీ ఒక అవయవం, అంతే. డాక్టరమ్మ వెనిగర్ దూది అద్దింది. ఆ పులుపు వాసన లేచింది. కాసేపు ఆగాలన్నారు. ఆగాం. బయట ఎవరో దగ్గారు.

"ఏటి కనబడుతోంది?" అని పడుకునే అడిగింది. మాకు వినిపించేలా కాదు, బయటి వాళ్లకు వినిపించేలా.

నేను చూసింది చెప్పాను. "ఒక పక్కన తెల్లగా ఒచ్చింది సిస్టరమ్మా. గంజి మీద మీగడ కట్టినట్టుంది."

డాక్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది. సిస్టరు పై కప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. నాకు అప్పుడు తెలిసింది, నేను చెప్పినది ఏమిటో. ఆవిడ మాకు ధైర్యం చెప్పడానికి ఎక్కింది. తనకేమీ ఉండదనే అనుకుని ఎక్కింది. ఎందుకుంటుంది? పెళ్లినాటి నుంచి ఒక్కడే మనిషి.

కిందికి దిగి చీర సర్దుకుంది. తెర పక్కకు లాగింది. అందరి ముఖాలూ ఆవిడ వైపే. దాచుకోవాలంటే ఇంకా దారి ఉంది. దానమ్మకు ఏం తెలుసు, అది వట్టి తెల్లబట్ట అంటే మేం నమ్మేవాళ్లం. ఆవిడ అలా అనలేదు.

"విన్నారు కదా. నాకుంది. ఇది కాన్సరు కాదు, ఇంకా అవ్వలేదు. వైద్యం చేయించుకుంటాను. ఇప్పుడెవరు ఎక్కుతారు?" అంది. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం కిటికీలో వాచీ కోసం తడిమి దాన్ని కింద పడేసింది.

ఇందాక నోరు చేసుకున్న పడుచుదే ముందు లేచింది. వాచీ తీసి ఆవిడ చేతికిచ్చి, "నానెక్కుతాన్లే అప్పా" అంది. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆ రోజు అందరం చూపించుకున్నాం. నాకు లేదన్నారు. మాలో కొందరికి ఉందన్నారు. వాళ్లను సిస్టరు తనతోపాటే ఆసుపత్రికి తీసుకెళ్లింది, ఒకే వరసలో కూర్చుంది. ఆవిడకు ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. తరువాత కరెంటు తీగతో ఆ పాడైన భాగం తీసేశారు. ఆపైన కొన్నాళ్లు బరువులెత్తకూడదు, విశ్రాంతి తీసుకోవాలన్నారు.

ఆవిడ సెంటరుకు రాకపోవడం మాకు వెలితిగానే ఉంది గానీ భయం వేరే. ఈ సంగతి తెలిశాక ఇంట్లోవాళ్లు ఆవిడను మళ్లీ మా మధ్యకు పంపుతారా? ఆవిడ రాకపోతే ఆ గదికి మళ్లీ ఎవరూ పోరు, నాతో సహా. అది కనుక్కోవడానికే పళ్లు తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. సెంటరు నుంచి రెండు వీధులే. అన్నాళ్లలో ఎప్పుడూ ఆ గుమ్మం చూడలేదు.

అరుగు మీద ఆవిడ అత్తగారు చేటలో తోటకూర ఏరుతోంది. లోపల హాల్లో పడకకుర్చీలో మాస్టారు పేపరు చదువుతున్నారు. తలుపు తీసే ఉంది కాబట్టి ఆయన కాళ్లు, పేపరు నాకు కనబడుతున్నాయి.

"ఎవరే నువ్వు?" అంది పెద్దావిడ.

"సిస్టరమ్మ దగ్గర పని సేత్తానమ్మా. సూసెల్దారని ఒచ్చాను."

"ఆ మేడ మీద దానివా?"

"అవునమ్మా."

"అక్కడే ఉండు. మెట్టెక్కకు." తోటకూర పక్కన పెట్టింది. "మీ రోగాలు కడిగి కడిగి నా కోడలు ఒంటికి తెచ్చుకుంది. లేకపోతే మా ఇంట్లో ఇలాంటి పాడు జబ్బేమిటే? మా అబ్బాయి చెప్పేశాడు, ఇంక అక్కడికి పోయేది లేదని. మీ దారిన మీరు పోండి. దాని జోలికి రాకండి."

నేను ఎదురు చెప్పలేదు. భయపడి కాదు. మా మీద నింద వేయడం ఎవరికైనా సులువు. అది ఆ ఇంట్లో ఎంత పనికొస్తుందో కూడా నాకు అక్కడ నిలబడి ఉండగానే అర్థమయింది. మా నుంచే వచ్చిందని అందరూ అనుకుంటే ఆ ఇంట్లో ఇంక ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు. మాస్టారు హాయిగా పేపరు చదువుకోవచ్చు. సిస్టరు ఉద్యోగం మానేసి మంచి కోడలిగా ఉండొచ్చు. ఒక్క మాట మాట్లాడకపోతే చాలు. ఆవిడ బదులు నేనుంటే, నిజం చెప్పాలంటే, మాట్లాడకపోయేదాన్నేమో.

గోడ పట్టుకుంటూ ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"అత్తయ్యా, ఇది దానమ్మ వాళ్ల నుంచి వచ్చింది కాదు."

"మరి ఎక్కడి నుంచి ఊడిపడిందే?"

"చేతికి గ్లౌజు ఉంటుంది. లేకపోయినా ఈ జబ్బు ముట్టుకుంటే అంటదు. గ్లాసులోంచి రాదు, బాత్రూం లోంచి రాదు. ఇది పక్క మీద వచ్చే జబ్బు." ఊపిరి తీసుకుంది. "నేను పడుకున్న పక్క ఒక్కటే కదా అత్తయ్యా."

పెద్దావిడ చేట మళ్లీ దగ్గరకు లాక్కుంది. లోపల పేపరు మడత పెట్టిన చప్పుడు వినబడింది. ఆ కాళ్లు కదలలేదు. మాస్టారు బయటికి రాలేదు, అబద్ధం అనలేదు, నిజం అనలేదు.

సిస్టరు నన్ను లోపలికి పిలవలేదు. ఆ ఇల్లు తన ఒక్కదానిది కాదు. తనే ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చి, కింది మెట్టు మీద నా పక్కన కూర్చుంది. నేను తెచ్చిన అరటిపండు ఒలుచుకుని తింది. సగం తిన్నాక నేను ఉండబట్టలేక అడిగాను.

"ఆయన్నడిగావా?"

"లేదు."

"అదేటి? అడగవా?"

"ఎప్పుడొచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు దానమ్మా. పెళ్లికి ముందుదో, తరవాతదో, పోయినేడుదో. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్తారు. అది నిజమో కాదో మళ్లీ నేనే తేల్చుకోవాలి. ఆ జవాబు నేనేం చేసుకోను?"

"నానైతే అడుగుదును."

"నువ్వు అడుగుతావు, తంతావు కూడా" అని నవ్వింది. పై పన్ను బయటికి వచ్చింది.

ఆవిడ చేసింది సరైనదని నేను ఇప్పటికీ అనుకోను. అడిగి ఉండవలసింది. అడగకపోవడం వల్ల ఆయన ఆ పడకకుర్చీలోంచి లేవనక్కరలేకుండా పోయింది. కానీ మా మీద వేయగలిగిన నిందను వేయనివ్వలేదు. తన కాపురం నడుస్తున్న ఇంట్లో, ఆ ఇంటివాళ్లకు వినబడేలా ఆ మాట అంది. నా తరఫున అలా మాట్లాడిన వాళ్లు నా వాళ్లలో కూడా లేరు.

ఒంట్లో కుదుటపడ్డాక ఆవిడ సెంటరుకు వచ్చింది. మాస్టారు ఆపలేదట. వద్దని అంతకు ముందు అన్న మనిషి ఆ రోజు నుంచి ఆవిడ ఉద్యోగం గురించి మంచీ చెడూ ఎత్తలేదట. సిగ్గో, కోపమో తనకూ తెలియదని చెప్పింది. తరువాత చేసిన పరీక్షల్లో ఏమీ లేదని వచ్చింది. అప్పటి నుంచి ఆవిడ పనిలో ఒక్క మార్పు వచ్చింది. సెలవు రోజుల్లో నన్ను వెంటేసుకుని కాపురాలు చేసుకునే ఆడవాళ్ల దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టింది. పాత్రపూర్ వైపు పల్లెలకు, మా సముద్రం ఒడ్డు ఊళ్లకు. ఏ అరుగు మీదైనా మొదటి మాట ఒకటే. "నా పేరు విశాలాక్షి. నాకు ఒకడే మొగుడు. ఈ జబ్బు నాకొచ్చింది." ఆ మాటకు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఈవిడ వాళ్ల కొంగులు దిగేదాకా ఆగి, మిగతాది చెప్పేది.

మోకాళ్లు పడిపోయి తిరగలేని రోజుల్లో నన్ను ఒంటరిగా పంపింది. వెళ్లేముందు ఒక్కటే చెప్పింది. "ఎవరో ఒకావిడకి వచ్చిందని చెప్పకు. అలాంటి ఆవిడని ఎవరూ నమ్మరు. నా పేరు చెప్పు, వీధి కూడా చెప్పు."

"మీ ఇంట్లో ఊరుకుంటారేటి?"

"పేరు నాది కదా" అంది.

ఆవిడ పోయింది. ఈ జబ్బుతో కాదు, గుండెతో. తీసుకెళ్లేటప్పుడు నేను వీధి చివర నిలబడ్డాను. మాస్టారు నన్ను గుర్తుపట్టి తల ఊపారు. అంతకు మించి మా మధ్య మాటలేమీ లేవు, ఉండవలసిన అవసరమూ లేదు.

ఇప్పుడు ఆడపిల్లలకు ఈ క్రిమి రాకుండా సూది వచ్చింది. పెద్దవాళ్లకు దూదిపుల్లతో ఎవరికి వారే తీసుకుని ఇచ్చే పరీక్ష కూడా కొన్ని చోట్ల ఉందంటున్నారు. మంచిదే. నేను మాత్రం ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో ఆవిడ చెప్పినట్టే తిరుగుతున్నాను. పోయిన వారం మా ఒడ్డు ఊళ్లోనే, ఎండు చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాను. నేను ఏ పని చేసి బతికానో అక్కడ అందరికీ తెలుసు. క్యాంపు సంగతి ఎత్తగానే, మొగుడు కేరళ బోట్ల మీద పనికి పోయిన ఒకామె ముఖం తిప్పుకుంది.

"నీకైతే అవసరం అప్పా. మేం అలాటోల్లం కాదు" అంది.

"నాను అలాటిదాన్నే. నాకు నేదు" అన్నాను. "బరంపురంలో విశాలాక్షి అని ఒక నర్సమ్మ ఉండీది. గోసాని నువాగాం. మాస్టారి పెళ్లాం. ఒకడే మొగుడు. ఆవిడకొచ్చింది."

చేపలు తిరగేసే చేతులు ఆగాయి. నేను ఏ ఊరు వెళ్లినా ఈ మాట దగ్గర ఒకే ప్రశ్న వస్తుంది. ఆవిడకు తగ్గిందా అని ఇంతవరకు ఎవరూ ముందు అడగలేదు. ఆ కేరళ బోటువాడి పెళ్లామే అడిగింది.

"ఆవిడ మొగుడేటన్నాడు?"

"ఏటీ అన్నేదు."

ఆమె చేతికంటిన పొలుసులు ఒక్కొక్కటే గిల్లుకుంటూ ఇసుకలోకి చూసింది. కాసేపటికి, మిగతా వాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించి, "ఎప్పుడు రమ్మన్నావు?" అంది.

బేస్తవారం పొద్దున్న అని చెప్పాను.